పేరున్న ఇటాలియన్ రెస్టారెంట్‌లో రుచి తేల్చుకోవడం ఎలా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. బాగా పేరున్న ఇటాలియన్ రెస్టారెంట్‌కు వెళ్లాం, పేరుకు తగ్గట్టు లేదు, లోపం ఎక్కడుంది? ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: గంటసేపు నిలబడితేగాని టేబుల్ దొరకలేదు. అలంకరణ, మర్యాద అన్నీ బాగున్నాయి. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపించింది. మా అంచనా తప్పా, వంట తప్పా? తేల్చుకునే దారేమైనా ఉందా?

జవాబు: ఉంది. ముందుగా ఆ పేరు దేనివల్ల వచ్చిందో కనుక్కోండి. చాలాచోట్ల పేరు తెచ్చిపెట్టేది ఒకటి రెండు వంటకాలే. మిగతావి మెనూ నిండుగా కనిపించడానికి చేర్చినవి. కట్టెల పొయ్యి పిజ్జాకు పేరుపడ్డ చోటికి వెళ్లి రిసోట్టో (వెన్న, చీజ్ కలిపి వండే అన్నం) తిని వస్తే, ఆ పేరు నిజమో కాదో మీకు తెలిసే అవకాశమే లేదు.

రెండోది, మొదటిసారి వెళ్లినప్పుడు అతి తక్కువ సరుకులతో చేసే వంటకం అడగండి. పిజ్జాల్లో మార్గరీటా, పాస్తాల్లో కాచో ఎ పెపే. కాచో ఎ పెపేలో ఉండేవి పాస్తా, పెకొరినో చీజ్, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్లు, అంతే. తప్పు దాచుకోవడానికి సాస్ లేదు, క్రీమ్ లేదు. మూకుడు కాస్త ఎక్కువ వేడెక్కితే చీజ్‌లోని ప్రోటీన్ గడ్డకట్టి తీగలు తీగలుగా ఫోర్కుకు చుట్టుకుంటుంది, అడుగున నీళ్లు తేలతాయి. పాస్తా నీళ్లలోని పిండిపదార్థం సరిపడా ఉండి, చీజ్ కలిపేటప్పుడు వేడి తగ్గించి ఉంటే మాత్రం క్రీమ్ చుక్క లేకుండానే క్రీమ్‌లాంటి నునుపు వస్తుంది. దీన్ని బాగా చేసిన వంటగది తక్కినవాటినీ చాలావరకు బాగానే చేస్తుంది. వెల్లుల్లి, ఆలివ్ నూనెతో చేసే ఆల్యో ఎ ఓల్యో కూడా ఇలాంటి పరీక్షే. వెల్లుల్లి లేత బంగారు రంగు దాటిందంటే ప్లేటంతా చేదెక్కుతుంది.

మూడోది మెనూ పొడవు. అరవై, డెబ్బై వంటకాలుంటే వాటిలో చాలావాటికి సాస్‌లు ముందే చేసి పెట్టుకోవడమో ఫ్రీజర్ మీద ఆధారపడటమో తప్పదు. ఒక పేజీ మెనూ, అందులో రుతువును బట్టి మారే రెండు మూడు వంటకాలు కనిపిస్తే మంచి గుర్తు.

ప్లేటులో పాస్తా మరీ తక్కువగా ఉందని కూడా కొందరు రాశారు. ఇటలీలో పాస్తా అనేది ‘ప్రీమో’, అంటే భోజనంలో మొదటి ప్రధాన వంతు. దాని ముందు చిన్న తిండి ‘ఆంతిపాస్తో’, తర్వాత మాంసమో చేపో ఉండే ‘సెకోందో’ ఉంటాయి. అందుకే మనిషికి 80 నుంచి 100 గ్రాముల ఎండు పాస్తా లెక్క. ఉడికాక అది రెండింతలకు పైగా బరువు తూగుతుంది. ఆ పద్ధతిలో వడ్డించే చోట పాస్తా ఒక్కటే తిని కడుపు నిండలేదంటే అది వంట లోపం కాదు.

ప్రశ్న: పిజ్జా అంచులు నల్లగా మాడాయి, మధ్యలో తడితడిగా ఉంది. ముక్క ఎత్తితే వాలిపోయింది. ఇదే అసలైన పిజ్జా అని వడ్డించినతను అన్నాడు. నమ్మాలా?

జవాబు: సగం నమ్మాలి. ఇటలీలోని నేపుల్స్ నగరం పద్ధతి పిజ్జా మధ్యలో మెత్తగానే ఉంటుంది, ముక్క వాలుతుంది. అక్కడ దాన్ని చాకూ ఫోర్కుతో తింటారు, లేదా నాలుగు మడతలు వేసి చేత్తో పట్టుకుని తింటారు. ఈ పద్ధతికి కొలతలున్నాయి. 1984లో నేపుల్స్‌లో ఏర్పడిన పిజ్జా సంఘం వాటిని రాసిపెట్టింది. పిండి ఉండ 200 నుంచి 280 గ్రాములు, వ్యాసం 35 సెంటీమీటర్లు దాటకూడదు, ఉబ్బిన అంచు 1 నుంచి 2 సెంటీమీటర్లు, కట్టెల పొయ్యిలో కాలే సమయం 60 నుంచి 90 సెకన్లు. ఆ పొయ్యి వేడి 430 నుంచి 480 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అంత వేడిలో అంత తక్కువసేపు ఉండటం వల్లే పైన చుక్కలు చుక్కలుగా మాడి, లోపల తేమ మిగులుతుంది. 2017లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఈ పిజ్జా చేసే నేర్పునే.

అయితే మెత్తదనం వేరు, నీళ్లు కారడం వేరు. ముక్క తీశాక ప్లేటులో తెల్లటి నీళ్లు మడుగు కట్టాయంటే మొజరెల్లా చీజ్‌ను ముందుగా కోసి వడగట్టలేదన్నమాట. గేదెపాల మొజరెల్లాలో నీరు మరీ ఎక్కువ, దాన్ని కొన్ని గంటలు వడకట్టి తీరాలి. పై సరుకు ఎక్కువైనా ఇదే తంటా. ఒక మార్గరీటాకు 60-80 గ్రాముల టమాటా, 80-100 గ్రాముల మొజరెల్లా చాలు. ‘చీజ్ బాగా దట్టించారు’ అని మెచ్చుకునేవాళ్లుంటారు గానీ, 90 సెకన్లలో అంత చీజ్‌లోని నీరు ఆవిరి కాదు.

ఇప్పుడు ముక్కను తిప్పి అడుగు చూడండి. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలుంటే సరిగ్గా కాలింది. తెల్లగా, పిండి వాసనతో ఉంటే పొయ్యి నేల చల్లబడింది. వరసగా పిజ్జాలు పెడుతుంటే నేల రాయి వేడి పడిపోతుంది, పైకప్పు వేడి మాత్రం అలాగే ఉంటుంది. రద్దీ వేళ పైన మాడి అడుగున పచ్చిగా రావడానికి ముఖ్య కారణం ఇదే. పొయ్యి దగ్గరుండేవారు నిప్పు జరిపి నేల మళ్లీ కాగేవరకు కొద్ది నిమిషాలు ఆగాలి. క్యూ పెరిగేకొద్దీ ఎవరూ ఆగరు. అడుగు మొత్తం నల్లగా, చేదుగా ఉంటే అది పొయ్యిలో రాలి మాడిన పిండి. ప్రతి కొన్ని పిజ్జాలకూ నేల ఊడ్వకపోతే అంతే.

ఇక అంచు తుంచి చూడండి. లోపల పెద్దా చిన్నా రంధ్రాలతో గుల్లగా ఉండాలి. సాస్ కింద జిగురుగా, గాజులా మెరిసే పొర కనిపిస్తే పిండి కాలలేదు. ఇలాంటి పిజ్జా వెనక్కి పంపడానికి మొహమాటం అక్కర్లేదు.

మీకు కరకరలాడే పిజ్జా ఇష్టమైతే నేపుల్స్ పద్ధతి చోటికి వెళ్లి నిరాశపడకండి. రోమ్ పద్ధతి పిజ్జా పల్చగా, ఎక్కువసేపు కాలి, విరిగేట్టు ఉంటుంది. మెనూలో ఏ పద్ధతో రాసి లేకపోతే అడగండి.

ప్రశ్న: పాస్తా లోపల గట్టిగా తగిలింది. ‘అల్ దెంతే’ అన్నారు. ఉడకనిదానికి పెట్టిన పేరు కాదు కదా?

జవాబు: అల్ దెంతే అంటే పంటికి తగలడం. మన మాటలో చెప్పాలంటే పలుకుగా ఉండటం. పలుకు ఉండొచ్చు, పచ్చి ఉండకూడదు. ఒక స్పగెట్టీ పోగు కొరికి అడ్డుకోత చూడండి. మధ్యలో సూదిమొనంత లేత మచ్చ ఉండి, కొరికితే తెగుతూ కాస్త ఎదురు తిరిగితే అది సరైన పదును. మచ్చ పెద్దదిగా, సుద్దలా తెల్లగా ఉండి పళ్లకు అంటుకుంటే ఉడకలేదు.

ఇంకో సంగతి, పలుకు అనేది ఎండు పాస్తాకు వర్తించే మాట. అది గట్టి గోధుమ రవ్వతో, నీళ్లతో చేసినది. తాల్యతెల్లె లాంటి తాజా పాస్తాలో 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు పడుతుంది, రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతుంది, మృదువుగానే ఉండాలి. తాజా పాస్తా మెత్తగా ఉందని ఫిర్యాదు చేయడం, ఎండు పాస్తా జావలా ఉన్నా ఊరుకోవడం, రెండూ తరచూ జరిగే పొరపాట్లే.

జనం ఎక్కువ వచ్చే చోట్ల ఎండు పాస్తాను పూటకు ముందే ముప్పాతిక వంతు ఉడికించి, చల్లార్చి, నూనె రాసి పెట్టుకుంటారు. స్పగెట్టీ మొదటి నుంచి ఉడకడానికి 9 నుంచి 12 నిమిషాలు పడుతుంది, ఆ సమయం మిగుల్చుకోవడానికి. దీన్ని గుర్తుపట్టొచ్చు. పోగు పైనుంచి లోపలిదాకా ఒకే మెత్తదనంతో ఉంటుంది, చుడితే తెగిపోతుంది, నూనె పూత వల్ల సాస్ పట్టుకోక ప్లేటు అడుగున చేరుతుంది. సరైన పద్ధతిలో పాస్తాను ఒకటి రెండు నిమిషాల ముందే తీసి, సాస్ మూకుట్లో ఉడికిన నీళ్లతో కలిపి ముగిస్తారు. అప్పుడు తిన్నాక ప్లేటులో సాస్ దాదాపు మిగలదు. సాస్ తక్కువ పోశారని చాలామంది అనుకునేది నిజానికి ఈ మంచి పనినే.

పాస్తా చప్పగా ఉంటే పైన ఉప్పు చల్లుకున్నా కుదరదు. అది ఉడికే నీళ్లలో పడాలి. లీటరుకు 10 గ్రాములు, 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు అన్నది ఇటాలియన్ వంటిళ్ల లెక్క.

ప్రశ్న: ఒకచోట కార్బొనారా చిక్కటి క్రీమ్‌తో వచ్చింది, ఇంకోచోట గుడ్డు పొరటులా గడ్డలు గడ్డలుగా వచ్చింది. ఏది సరైనది?

జవాబు: రెండూ కాదు. రోమ్ కార్బొనారాలో ఉండేవి గుడ్డు పచ్చసొన, పెకొరినో రొమానో చీజ్, మిరియాలు, గ్వాంచాలే. గ్వాంచాలే అంటే ఉప్పు, మసాలా పట్టించి ఆరబెట్టిన పంది దవడ మాంసం. క్రీమ్ ఉండదు. పచ్చసొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలై, 70 దాటితే గడ్డకడుతుంది. వంటవారి చేతిలో ఉన్నది ఆ ఐదు డిగ్రీల సందే. పొయ్యి మీంచి దించి, మూకుడు వేడి కాస్త తగ్గాక, పాస్తా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. రద్దీలో మూకుడు చల్లారేదాకా ఆగకపోతే మీరు చూసిన పొరటు తయారవుతుంది.

క్రీమ్ ఎందుకు వేస్తారంటే, అది సొనను పల్చన చేసి గడ్డకట్టే వేడిని పైకి జరుపుతుంది, ప్లేటు పది నిమిషాలు ఆగినా సాస్ విరగదు. వందల ప్లేట్లు పోయే వంటగదికి అది భరోసా. రుచి నచ్చితే తినండి, తప్పులేదు. కానీ మెనూలో ‘రోమ్ పద్ధతి’ అని రాసి క్రీమ్ వేయడం మాత్రం మాట తప్పడమే. ఆర్డర్‌కు ముందే ‘క్రీమ్ వేస్తారా?’ అని ఒక్క మాట అడగండి.

ఇదే వరసలో ఫెత్తుచీనె ఆల్ఫ్రెదో. రోమ్‌లో ఆల్ఫ్రెదో ది లేల్యో పేరుతో వెలిసిన ఆ వంటకంలో వెన్న, పర్మిజానో చీజ్, పాస్తా నీళ్లే ఉన్నాయి. క్రీమ్ ఇటలీ బయట చేరింది.

ప్రశ్న: స్పగెట్టీ బోలోనీస్ అసలు ఇటాలియన్ కాదంటారు, నిజమా?

జవాబు: ఆ సాస్‌కు పేరిచ్చిన ఇటలీ నగరం బొలోన్యాలో ఆ మాంసం సాస్‌ను వెడల్పాటి తాల్యతెల్లెతో తింటారు. నున్నటి సన్న పోగుల మీద మాంసం నిలవక జారి అడుగున మిగిలిపోతుంది. సాస్ పద్ధతిని ఇటాలియన్ వంట అకాడమీ 1982లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేయించింది. ప్లేటులో చూడాల్సింది ఒకటి: అది మాంసం సాస్, టమాటా సాస్ కాదు. ఎర్రగా, పుల్లగా, పల్చగా ఉంటే రెండు మూడు గంటలు మగ్గాల్సింది అరగంటలో దించేశారన్నమాట.

ప్రశ్న: రిసోట్టోకు 25 నిమిషాలు కూర్చోబెట్టారు. వేరే చోట 8 నిమిషాల్లో తెచ్చారు. ఎవరు నయం?

జవాబు: ఆలస్యం చేసినవారిని అనుమానించకండి. కార్నరోలి, ఆర్బోరియో, వ్యాలోనె నానో, ఏ బియ్యమైనా పొయ్యి మీద వేశాక 16 నుంచి 18 నిమిషాలు పడుతుంది. చివర పొయ్యి దించి వెన్న, చీజ్ కలిపే పని అదనం. ఎనిమిది నిమిషాల్లో వచ్చిందంటే సగం ఉడికించి పళ్లెంలో పరిచి చల్లార్చి పెట్టుకున్నదే. ఇది వంటగదుల్లో మామూలే, జాగ్రత్తగా చేస్తే ఫరవాలేదు.

రుచి చూసేముందు ప్లేటును కొంచెం వంచండి. రిసోట్టో గరిటజారుగా, అల కదిలినట్టు కదలాలి. కుప్పగా నిలిచి ఉంటే ఎక్కువసేపు ఆగింది. గింజలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు ఉంటే చివరి కలుపు సరిగ్గా పడలేదు.

ప్రశ్న: మేం శాకాహారులం. మాంసం లేదని చెబితే నమ్మి తినేయొచ్చా? గుడ్డు కూడా తినం.

జవాబు: ‘ఇది శాకాహారమేనా?’ అన్న ప్రశ్న ఇక్కడ చాలదు. మాంసం ముక్కలు లేకపోతే శాకాహారమే అనుకుని చెప్పేవాళ్లు చాలామంది. అబద్ధమాడాలని కాదు, వాళ్లకు ఆ తేడా తట్టదు. సరుకుల వారీగా అడగండి.

మొదటిది చీజ్. పర్మిజానో రెజ్జానోను దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తోనే (పాలను విరగ్గొట్టే పదార్థం) చేయాలని దాని నియమావళి. గ్రానా పదానో కూడా జంతు రెనెట్‌తో చేసేదే, పైగా అందులో గుడ్డు తెల్లసొన నుంచి తీసిన లైసోజైమ్ వాడతారు. పెకొరినో రొమానోలో గొర్రెపిల్ల రెనెట్. కాబట్టి ‘పైన తురిమేది ఏ చీజ్? సూక్ష్మజీవుల రెనెట్‌తో చేసిందా?’ అని అడగాలి. పెస్తో సాస్‌లో తులసిజాతి ఆకు, నూనె, గింజలే ఉన్నాయనుకుంటాం. సంప్రదాయ పెస్తోలో పర్మిజానో, పెకొరినో రెండూ ఉంటాయి.

రెండోది రసం. రిసోట్టోకూ మినెస్త్రోనె సూప్‌కూ ‘రసం దేనితో కాచారు?’ అని అడగండి. కోడి లేదా మాంసపు ఎముకల రసం కావడం మామూలు. మినెస్త్రోనెలో పర్మిజానో చెక్కు కూడా వేసి మరిగిస్తారు.

మూడోది గుడ్డు. ఎండు పాస్తాలో సాధారణంగా ఉండదు. తాజా పాస్తాలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. బంగాళాదుంపతో చేసే న్యోక్కి ఉండల్లో కొందరు కలుపుతారు. తిరమిసూ అనే తీపి వంటకంలో మస్కర్పోనె చీజ్‌తో పాటు గుడ్డు పచ్చిగానే కలుస్తుంది, కింద పరిచే బిస్కెట్లలోనూ ఉంటుంది. చాలాచోట్ల మద్యం కూడా కలుపుతారు. గర్భిణులు పచ్చి గుడ్డు సంగతి తప్పక అడగాలి. పన్నా కోత్తా అనే మీగడ స్వీటు గడ్డకట్టేది జెలటిన్‌తో, అదీ జంతువుల నుంచి వచ్చేదే. ఫొకాచ్చా రొట్టెలో కొన్నిచోట్ల పందికొవ్వు పడుతుంది.

పుత్తనెస్కా సాస్‌లో ఆంచోవీ చేపలు కరిగిపోయి కనిపించవు. మరి ధైర్యంగా తినదగ్గవి? మరినారా పిజ్జా. పేరులో సముద్రం ఉన్నా చేప ఉండదు, చీజ్ కూడా ఉండదు: టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, నూనె. పాస్తాల్లో చీజ్ చల్లవద్దని చెప్పి అర్రబ్యాతా. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప, అంతే. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఒక హెచ్చరిక. గ్లూటెన్ లేని పాస్తా అయినా మామూలు పాస్తా ఉడికిన నీళ్లలోనే వేస్తే పనికిరాదు, విడి గిన్నె ఉందో లేదో అడగండి.

ప్రశ్న: ట్రఫుల్ పాస్తా వాసన గదంతా నిండింది, రెండు ముద్దలకే వెగటేసింది. ఎందుకలా?

జవాబు: నూనె వల్ల. ట్రఫుల్ అంటే నేల లోపల పెరిగే, ఘాటు వాసన ఉన్న పుట్టగొడుగు జాతి. ట్రఫుల్ నూనెల్లో ఎక్కువభాగం 2,4-డైథయాపెంటేన్ అనే ఒక్క రసాయనం కలిపినవి. అసలు తెల్ల ట్రఫుల్‌లో అదొక్కటే కాదు, ఎన్నో వాసనలు కలిసి ఉంటాయి. అందుకే నూనె వాసన ఒకే తీరుగా ముక్కు బద్దలు కొడుతుంది. తెల్ల ట్రఫుల్ శరదృతువులో దొరుకుతుంది. వండకుండా, వేడి పాస్తా మీద మీ కళ్లముందే పల్చగా తురుముతారు. వేసవి మధ్యలో ‘తాజా తెల్ల ట్రఫుల్’ అని మెనూలో కనిపిస్తే ఆ పేజీ తిప్పేయండి.

ప్రశ్న: ఎనిమిది మందిమి వెళ్లాలనుకుంటున్నాం. ఏ వేళ మంచిది? ఆర్డర్ ఎలా ఇవ్వాలి?

జవాబు: తెరిచిన మొదటి గంటలో కూర్చోండి, వారాంతం కాకపోతే మరీ మంచిది. పాస్తా ఉడికించే నీళ్లు తాజాగా ఉంటాయి. రాత్రి ముదిరేకొద్దీ ఆ నీళ్లు పిండితో చిక్కబడి పాస్తాను జిగురుగా చేస్తాయి. పిజ్జా పిండి కూడా ఆఖరి గంటల్లో అతిగా పులిసి సాగదీస్తే చిరుగుతుంది.

ఆర్డర్ దగ్గరే పెద్ద గుంపులు దెబ్బతింటాయి. ఎనిమిది మంది ఎనిమిది రకాలు చెబితే, 18 నిమిషాల రిసోట్టో వచ్చేదాకా ముందే అయిపోయిన స్పగెట్టీ దీపాల వేడి కింద ఆగుతుంది. మూడు నిమిషాలు చాలు, అది సాస్ పీల్చుకుని ముద్దవడానికి. రెండు రకాల పాస్తా, రెండు మూడు పిజ్జాలు తీసుకుని పంచుకోండి. ‘అయినది అయినట్టు తెచ్చేయండి, అందరికీ కలిపి అక్కర్లేదు’ అని వడ్డించేవారికి ముందే చెప్పండి. వంటగదికి మీరు చేయగల పెద్ద సాయం అదే. తెచ్చిన ప్లేటును ఫొటోల కోసం ఆపకండి.

ప్రశ్న: బాగాలేకపోతే వెనక్కి పంపడం ఎలా? గొడవ అవుతుందేమోనని భయం.

జవాబు: రెండు మూడు ముద్దల్లోపే చెప్పాలి. సగం తిన్నాక చెబితే ఎవరికైనా అనుమానమే. ‘బాగాలేదు’ అనకుండా కనిపించేది చెప్పండి: ‘అడుగు తెల్లగా ఉంది’, ‘గుడ్డు గడ్డకట్టింది’, ‘పోగు మధ్యలో పచ్చి ఉంది’. వంటవారికి అర్థమయ్యే మాట అది, వాదన ఉండదు. అడుగు కాలని పిజ్జాను మళ్లీ పొయ్యిలో పెడితే 20-30 సెకన్లలో సరిపోవచ్చు. విరిగిన కార్బొనారాను, మెత్తబడ్డ పాస్తాను బాగుచేసే దారి లేదు, కొత్తగా చేయమనాలి. ‘వేడిచేసి తెస్తాం’ అంటే ఒప్పుకోకండి.

నచ్చకపోవడం వేరు, లోపం వేరు. చీజ్ ఉప్పగా ఉందనో సాస్ పుల్లగా ఉందనో అయితే అది ఆ వంటకం స్వభావం కావచ్చు, పెకొరినో ఉప్పగానే ఉంటుంది. అప్పుడు వేరేది అడగండి, దాని డబ్బు ఇవ్వడానికి సిద్ధపడి.

ప్రశ్న: మిగిలింది ఇంటికి తెచ్చుకుంటే ఎందుకు పాడవుతుంది?

జవాబు: పిజ్జా పెట్టెలో ఆవిరి చేరి అడుగు నానుతుంది. దారిలో మూత కాస్త తెరిచి పట్టుకోండి. ఇంట్లో నూనె లేని పెనం మీద సన్న సెగన మూడు నాలుగు నిమిషాలు పెట్టి, చివరి నిమిషం మూత వేయండి. అడుగు కరకరలాడుతుంది, చీజ్ కరుగుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే అంచు రబ్బరులా సాగుతుంది. లజాన్యా మరునాటికి ఇంకా బాగుంటుంది, పొరలు కుదురుకుంటాయి. కార్బొనారా, కాచో ఎ పెపే మాత్రం పొట్లం కట్టించుకోకండి. అవి టేబుల్ దగ్గరే, వచ్చిన ఐదు నిమిషాల్లో తినేయాల్సినవి.